గొట్టానికి అతికించిన మీటరు

మే 4

తమ్ముడూ,

ముందు క్షేమం సంగతి. అందరం బతికే ఉన్నాం. మీ బావ నడుము పట్టేసి మంచం మీద అడ్డంగా పడుకున్నారు, నన్ను మాత్రం నిలువునా తిప్పుతున్నారు. మంచినీళ్ళు, వేడినీళ్ళు, చల్లారిన నీళ్ళు. ఈ ఇంట్లో నాకు నీళ్ళ గొడవ తప్పేలా లేదు.

ఈ నెల కార్డు ఈ కవర్లోనే పెట్టాను. భూమిలో నీళ్ళు ఇరవై ఐదున్నర మీటర్ల లోతున ఉన్నాయి. పోయిన ఏడాది ఇదే నెలలో ఇరవై ఐదూ పాయింటు తొమ్మిది. అంటే ఏడాదంతా ఊరు ఊరంతా నోరు కట్టుకుని కూర్చుంటే నీళ్ళు మనవైపు వచ్చింది అర మీటరు కూడా కాదు. కమిటీ గది గోడ మీది పలక మీద అంకె మారుస్తుంటే చూడటానికి నలుగురు వచ్చారు. మునుపు నలభై మంది వచ్చేవాళ్ళు.

"నెలకోసారి గొట్టంలోకి టేపు వదలటమే అక్కా, పావుగంట పని" అని చెప్పి నన్ను ఇందులో దింపింది నువ్వు. ఎనిమిదేళ్ళయింది. ఆ పావుగంట ఏ గడియారంలోదో ఒకసారి చూపించు. తాళం తుప్పు పట్టి రాదు. అది వస్తే మూత రాదు. పోయిన ఏడాది వెల్డరు వచ్చి, వాన బురద లోపలికి పోకుండా గొట్టం పైన ఇంకో ముక్క అతికించి పోయాడు కదా, అప్పటి నించీ అది నా గడ్డం దాకా వస్తోంది. ఇంట్లోంచి పీట మోసుకెళ్ళి, పీట ఎక్కి, టేపు వదిలి, చివరనున్న ఇత్తడి బరువు నీటికి తగిలి టప్‌మనే దాకా చెవి ఆ మూతికి ఆనించి నిలబడాలి. దారిన పోయే వాళ్ళు నేను పాతాళంతో రహస్యాలు మాట్లాడుతున్నాననుకుంటున్నారు.

ఊళ్ళో ఓపిక అయిపోతోందిరా. ఆరేళ్ళ క్రితం కమిటీ గదిలో అందరం ఒట్టేసుకున్న రోజు నీకు చెప్పాను. వరి వద్దు, కొత్త బోరు వద్దు, ఇంటికి రోజుకి రెండు గంటలే మోటారు. వానలకి ముందు తీసే అంకె ముప్ఫై ఒకటి నించి ఇరవై ఐదు లోపలికి వచ్చాక ఇంటికి ఇంకో గంట. ఆ గంట కోసమే అందరూ గోడ మీది పలక వంక చూస్తున్నారు. ఎండైనా వానైనా గొడుగు వదలని పెద్దాయన ఉన్నాడే, మా పక్క పొలం గొడుగాయన, పోయిన వారం ఎద్దుల్ని అమ్మేశాడు. "రెండు గంటల నీళ్ళకి నేనూ, భార్యా సరిపోతాం తల్లీ, వాటికి తాగటానికే చాలదు" అన్నాడు. "ఇరవై ఐదు చూపించు, ఇంకో గంట వస్తే కూరగాయలైనా వేసుకుని ఇక్కడే ఉంటాను. లేదంటే కూతురి దగ్గరికి పోతాను" అన్నాడు. నేను చూపించేదేముందిరా, అంకెలు నా కొంగున కట్టుకుని తిరుగుతున్నట్టు!

ఒక్క సంగతి కనుక్కుని రాయి. మీ ఆఫీసు లెక్క ప్రకారం కూడా ఇరవై ఐదు లోపలికి వస్తే ఏమవుతుంది? ఊళ్ళో తలా ఒక మాట చెబుతున్నారు.

మరదలికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మేనకోడలికి నా ముద్దులు.

అక్క


మే 13

అక్కా,

నీ కవరు, అందులో కార్డు చేరాయి. బావగారిని బోర్లా పడుకోమని చెప్పు. నా మాట వినరు కాబట్టి డాక్టరు చెప్పాడని చెప్పు.

ఇక్కడి సంగతి వింటే నవ్వుతావు. మా వీధి పంపు మూడు రోజులకోసారి వస్తోంది. నిన్న బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడితే వెనకనున్నావిడ "మీరు నీళ్ళ ఆఫీసులో కదండీ" అంది. "అవునండీ, అందుకే ముందుగా వచ్చి నిలబడ్డాను" అన్నాను. నవ్వలేదు. బిందెతో నా మడమ మీద ఒక్క పోటు పొడిచింది.

నువ్వడిగిన దానికి జవాబు. మీ ఊరు ఇప్పుడు మా మూత జాబితాలో ఉంది. అంటే కొత్తగా ఎవ్వరూ బోరు వెయ్యటానికి వీల్లేదు. వానలకి ముందు తీసే అంకె వరసగా రెండేళ్ళు ఇరవై ఐదు మీటర్ల లోపల ఉంటే ఊరు ఆ జాబితాలోంచి బయటపడుతుంది. ఇక ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంకెంత, అర మీటరు! ఆ శుభవార్త కోసం నువ్వెంత ఎదురు చూస్తున్నావో నాకు అర్థమైంది. మా ఆఫీసరుగారికి కూడా చెప్పాను, "అది మా అక్క ఊరండీ, కొంచెం చూస్తూ ఉండండి" అని. ఆయన డైరీలో రాసుకున్నారు.

నీకొక మాట చెప్పనా? నా బల్ల మీదకి నెలకి రెండు వందల పన్నెండు కార్డులు వస్తాయి. అన్నీ దిగజారుతున్న ఊళ్ళే. ముప్ఫై ఐదు, నలభై, యాభై రెండు. కొన్ని కార్డుల మీద "టేపు చాలలేదు" అని రాసి ఉంటుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. చదివి చదివి కళ్ళు కాదు, ఇంకేదో అలిసిపోయింది. నీ కార్డు ఒక్కటే వెలుతురు వైపు నడిచేది. అందుకే దాన్ని ముందు తీసేవాణ్ణి. ఈ ఏడాదిగా అదీ కాళ్ళీడ్చుతోంది.

మీ మరదలి మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మేడ మీదికి నీళ్ళు మోయాలి కదా.

తమ్ముడు


జూన్ 9

తమ్ముడూ,

ఎవరు చెప్పమన్నారురా నిన్ను మీ ఆఫీసరుకి? అడిగింది ఒకటి, చేసింది ఇంకొకటి. చిన్నప్పుడు ఉప్పు తెమ్మంటే పక్కింటికి వెళ్ళి, మా ఇంట్లో ఉప్పు లేదని వీధంతా చాటి, ఉప్పు మర్చిపోయి వచ్చిన వాడివి. ఏమీ మారలేదు.

ఊరి పైన, మిట్ట మీద, నలభై ఎకరాలు కొని తోట పెట్టినాయన గురించి నీకు రాశానో లేదో. మాతో ఒట్టు వెయ్యనివాడు ఆయనొక్కడే, ఎందుకంటే ఒట్టు నాటికి ఆయన ఇక్కడ లేడు. మనిషి మంచివాడే, నమస్కారానికి ముందే నమస్కారం పెడతాడు. కానీ ఆయన బీరువాలో ఎనిమిది బోర్లకి దరఖాస్తులు సంతకాలతో సహా సిద్ధంగా ఉన్నాయి. మిట్ట మీద ఎనిమిది బోర్లు పడితే కిందున్న మా బతుకులేమిటో నేను నీకు చెప్పాలా? ఆరేళ్ళు ఊరంతా గుటకలు మింగి దాచిన నీళ్ళు ఆరు నెలలు రావు.

అందుకని చెబుతున్నా. కొన్ని అంకెలు నిదానంగా నడిస్తేనే ఊరికి మంచిది. తొందరపెట్టకు. నువ్వు తెలివైనవాడివి, ఇంతకంటే కాగితం మీద పెట్టలేను. కవర్లు మీ దగ్గర ఎవరెవరు చింపుతారో నాకేం తెలుసు. పోనీ ఫోన్లో చెబుదామంటే మనిద్దరికీ ఫోన్లో అరవటమే తప్ప మాట్లాడటం రాదు.

గొడుగాయన పొలం అమ్మేశాడు. మూడెకరాలూ. తోటాయనకే. మా గుమ్మంలోకి వచ్చి చెప్పి పోయాడు. "పలక మీది అంకె చూస్తే నా జన్మకి ఇరవై ఐదు వచ్చేలా లేదమ్మా. ఓపిక లేదు" అన్నాడు. పంట కోసుకునే దాకా ఇల్లు ఉంచుకుంటాడట, తర్వాత కూతురి ఊరు. నా నోటి దాకా ఒక మాట వచ్చింది. మింగేశాను. అప్పటి నించి అన్నం సయించటం లేదు. మీ బావ ఏమైందని అడిగితే కంది చేను గురించి ఏదో చెప్పాను. పంట గురించి చెబితే ఆయన ఏదైనా నమ్ముతారు.

జాగ్రత్త. నేను రాసింది ఇంకోసారి చదువుకో.

అక్క


జులై 2

అక్కా,

నువ్వు చెప్పినట్టే రెండోసారి చదివాను, మూడోసారీ చదివాను. అర్థమైంది. ఇంత చిన్న విషయానికి అన్నం మానేసి కూర్చున్నావా, పిచ్చి అక్కా!

మీకు కింద మూడు మైళ్ళ దూరంలో మా ఆఫీసు వాళ్ళే పెట్టిన మిషను ఉంది. దానంతట అదే కొలుచుకుంటుంది. దాని అంకెలు, నీ అంకెలు ఎప్పుడూ అక్కాచెల్లెళ్ళలా కలిసి నడిచేవి. పోయిన ఏడాది మే నించి విడిపోయాయి. సరిగ్గా మీటరు తేడా, నెలనెలా అదే మీటరు. నువ్వేమో నీ అంకెలు నిదానంగా నడుస్తున్నాయి, తొందరపెట్టకు అని బతిమాలుతున్నావు. అప్పుడు మే నెలలో నువ్వు రాసిన వెల్డరు గుర్తొచ్చాడు. గుమాస్తాని కదా, అటకెక్కి పాత కాగితాలు దింపించాను. గొట్టానికి ఖచ్చితంగా ఒక మీటరు ముక్క అతికించారు. ఆ కాగితం మా వాళ్ళు నా బల్లకి పంపనేలేదు. నాకు తెలిసి ఉంటే నీకు అప్పుడే రాసి ఉండేవాణ్ణి.

జరిగిందేమిటంటే అక్కా, నువ్వు కొత్త మూతి నించి కొలుస్తున్నావు. పాత మూతి నించే లెక్క కాబట్టి టేపు చూపించిన దాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. ఉదాహరణకి టేపు మీద 25.5 వస్తే, అందులోంచి 1 తీసేస్తే 24.5. అదీ కార్డు మీద రాయాల్సింది. కష్టమేమీ కాదు, రెండు నెలల్లో అలవాటైపోతుంది.

నువ్వు సిగ్గుపడతావని, ఎవరికంటా పడకముందే పద్నాలుగు కార్డులూ నా చేత్తోనే దిద్దేశాను. "గొట్టం పెంపు కారణంగా సవరణ" అని పక్కన రాసి ఆఫీసరుగారి సంతకం తీసుకున్నాను. మా అక్కకి కొలవటం రాదని ఎవరూ అనకూడదు కదా. దిద్దాక చూస్తే ఏముంది? పోయిన ఏడాది 24.9, ఈ ఏడాది 24.5. వరసగా రెండేళ్ళు! మీ ఊరు ఏడాది క్రితమే గట్టెక్కింది, మనకే తెలియలేదు. ఆఫీసరుగారు ఆనందం పట్టలేక అందరికీ టీ తెప్పించారు. పోయిన సోమవారం జాబితాలోంచి మీ ఊరు తీసేశారు. అచ్చయిన కాగితం జత చేస్తున్నాను, ఊళ్ళో అందరికీ చూపించు.

ఇక హాయిగా తిను. థాంక్స్ చెప్పక్కర్లేదు.

తమ్ముడు


జులై 8

ఒరేయ్,

నాకు తీసివేతలు నేర్పుతున్నావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది. వాకిట్లో గులకరాళ్ళు పరిచి నీకు తీసివేత నేర్పింది నేను. తొమ్మిదిలోంచి నాలుగు పోతే ఎంత అంటే "ఎక్కడికి పోతాయి" అని ఏడ్చావు.

వెల్డరు పని చేసి వెళ్ళిన రోజే నాకు తెలుసు, మీటరు తీసెయ్యాలని. ఆ రోజే తీసేశాను కూడా, మనసులో. ఇరవై నాలుగూ పాయింటు తొమ్మిది. పీట మీద నిలబడే ఏడ్చానురా, సంతోషంతో. ఇంటికొచ్చి చేతులు కడుక్కోక ముందే తోటాయన మనిషి పళ్ళ బుట్టతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఈసారి ఎంతమ్మా?" అన్నాడు. బుట్ట వంక చూశాను, వాడి మొహం వంక చూశాను. "ఇరవై ఐదూ తొమ్మిది" అన్నాను. టేపు మీద ఉన్నదే చెప్పాను, అబద్ధమేముంది అనుకున్నాను. నోటితో అన్నాక కార్డు మీద అదే రాయాల్సి వచ్చింది. కార్డు మీద రాశాక పలక మీద అదే రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత నెలనెలా అదే. తీసెయ్యటం మర్చిపోవటం కాదు, తీసెయ్యకుండా ఉండటం. ఈ రెంటికీ తేడా నీకు తెలియదా?

నీకు ఎన్ని రకాలుగా చెప్పాను! తొందరపెట్టకు అన్నాను. మళ్ళీ చదువుకో అన్నాను. పద్నాలుగు నెలలు నా ఒక్కదాని గుండెల్లో మోసిన మీటరిని నువ్వు కలం తీసుకుని చులాగ్గా కొట్టేశావు. పైగా టీ తాగారట!

నీ అచ్చు కాగితం నేనెవరికీ చూపించలేదు. చూపించాల్సిన పనే లేదు. తోటాయన మిట్ట మీద సున్నంతో గుర్తులు వేయిస్తున్నాడు.

జవాబు రాయకు.

అక్క


జులై 19

అక్కా,

రాయద్దన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివాను. చదివాక మెట్ల మీదికెళ్ళి కూర్చున్నాను. పద్నాలుగు కార్డులు, ఒక్కొక్కదాని మీద ఎర్ర సిరాతో చక్కగా దిద్దాను అక్కా. నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు, మా అక్క తప్పు చెయ్యదు కాబట్టి ఇది తప్పు కాదు అని. నన్ను తిట్టు. నాలుగు కాదు, నలభై తిట్టు.

కానీ నాకూ ఒక మాట ఉంది. నాకు చెప్పి ఉండాల్సింది. చెబితే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. అబద్ధమని తెలిశాక నా చేత్తో ఎక్కించగలిగేవాణ్ణి కాదేమో. అందుకే చెప్పలేదంటావు, అదీ నిజమే. అయినా ఏడాదికి పైగా నీ కార్డు తీసి చూసి "అయ్యో, వీళ్ళ వల్ల కూడా కాలేదు" అనుకుని పక్కన పెట్టాను. రెండు వందల పన్నెండు ఊళ్ళలో ఒక్క ఊరు గెలిచింది. ఆ గెలుపు నాకు తెలియకుండా దాచావు. నా సంగతి వదిలెయ్, నేను దూరపువాణ్ణి. గోడ మీది పలకకి ఎందుకు అబద్ధం చెప్పావు? నాకు పంపే కార్డు ఒకలాగా, వాళ్ళకి చెప్పే మాట ఇంకోలాగా ఉంచలేకపోయావా? ఇంకో గంట నీళ్ళ కోసం వాళ్ళు ఆ అంకె వంకే చూస్తున్నారని నువ్వే రాశావు.

ఇది నీ మీద కోపంతో రాయలేదు. రాసి రెండు రోజులు జేబులో పెట్టుకున్నాను. కొట్టేద్దామనుకున్నాను, కొట్టెయ్యలేదు.

ఇక పని మాట. దిద్దినవి మళ్ళీ మార్చటం నా వల్ల కాదు, అవే నిజమైన అంకెలు. ఒక్క దారి ఉంది. జాబితా అచ్చయిన నలభై ఐదు రోజుల్లోపు, ఊళ్ళో పొలం ఉన్న ఇళ్ళలో మూడింట రెండొంతుల మంది సంతకాలు పెట్టి "మా ఊరిని మూతలోనే ఉంచండి" అని అడిగితే, ఉంచాలి. రూలు ఉంది, చూశాను, ఆ పేజీ నకలు పంపుతున్నాను. మీ ఊళ్ళో నలభై ఒక్క ఇళ్ళు, అంటే ఇరవై ఎనిమిది సంతకాలు. అందులో నీళ్ళు ఎంత పెరిగాయో, ఎందుకు మూత కావాలో రాయాలి. రాయాలంటే వాళ్ళకి ముందు నిజం చెప్పాలి.

నువ్వే చెప్పాలి అక్కా. నేను వచ్చి పక్కన నిలబడతాను. ఎప్పుడు రమ్మంటావో రాయి.

తమ్ముడు


సెప్టెంబరు 6

తమ్ముడూ,

నిన్ను రమ్మని రాయలేదు. నా తప్పుకి నువ్వు పక్కన నిలబడితే నీదేమో అనుకుంటారు. అందుకని. కోపం కాదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు ఇప్పుడు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మధ్యలో నన్ను ఓదార్చే జవాబులు మనసులో తయారు చేసుకోకుండా చదువు.

జులై ఆఖరి ఆదివారం పొద్దున కమిటీ గదిలో అందరినీ కూర్చోబెట్టారు. ముందురోజు మీ బావకి చెప్పాను. మంచం మీద లేచి కూర్చుని "ఈ ఏడాదికి పైగా నీ పక్కనే పడుకున్నాను కదే" అన్నారు. కర్ర పట్టుకుని నా వెంట వచ్చారు.

నేను లేచి చెప్పాను. వెల్డరు సంగతి, పళ్ళ బుట్ట సంగతి, పలక సంగతి. తోటాయన బోర్లు పడకూడదని చేశానని చెప్పాను. అబద్ధం చెప్పినందుకు తిడతారనుకున్నాను, దానికి సిద్ధపడే వెళ్ళాను. ఆఫీసుకి అబద్ధం చెప్పానని ఒక్కళ్ళు కూడా తిట్టలేదురా. వెనక నించి ఎవరో "బానే చేసింది" అని కూడా అన్నారు.

అప్పుడు బట్టలు కుట్టే వదిన లేచింది. "అంటే పోయిన ఏడాదే మాకు ఇంకో గంట రావాల్సింది కదా?" అంది. "వచ్చిందా, రాలేదా, అది చెప్పు వదినా." రావాల్సింది అన్నాను. "మా ఆయన్ని ఇటుకల బట్టీకి పంపించాను, రెండు గంటల నీళ్ళతో ఇద్దరికీ పని లేదని. నువ్వు మా ఇంటికొచ్చి నా కళ్ళు తుడిచావు. తుడిచిన రోజు నీకు తెలుసా?" అంది. తెలుసు అన్నాను. ఆవిడ కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఒక్కొక్కరూ. ఒకాయన అన్నాడు, "మోటారు నీళ్ళు గట్టిగా పడుతున్నాయని నీతో అన్నాను. 'వాషరు మార్చావు కదా, అందుకే' అన్నావు నువ్వు. నేను ఇంటికెళ్ళి వాషరుని మెచ్చుకున్నాను." అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను లేను. ఇంకొకాయన, "మమ్మల్ని నమ్మి చెప్పి ఉంటే మేమే నోరు మూసుకునేవాళ్ళం. ఆరేళ్ళు పంటలే మానుకున్న వాళ్ళం, ఒక్క అంకె దాచలేమా?" అన్నాడు. నా ఒక్కదానికే ఊరి మీద ప్రేమ ఉందనుకున్నాను కాబోలు.

గొడుగాయన మూలన కూర్చుని ఉన్నాడు. "ఎప్పటి నించమ్మా?" అని ఒక్కటే అడిగాడు. పోయిన ఏడాది మే నించి అన్నాను. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు, సగంలో ఆపేశాడు.

కమిటీ పెద్ద సంతకాల కాగితం బల్ల మీద పెట్టాడు. మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. "మళ్ళీ మూత అంటే మళ్ళీ పలక, మళ్ళీ ఈవిడ" అన్నారు కొందరు. "మూత తీశారు కదా, తోటాయన కంటే ముందు మనమే వేసుకుందాం" అన్నారు కొందరు. గొడుగాయన లేచి వెళ్ళి కలం అందుకున్నాడు. కమిటీ పెద్ద గొడుగాయన చెయ్యి పట్టుకుని, "నీకు పొలం లేదు కదయ్యా, నీ సంతకం లెక్కకి రాదు" అన్నాడు. ఆయన కలం మెల్లగా కింద పెట్టి, గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పందొమ్మిది వచ్చాయి. గడువు దాకా ఇంటింటికీ తిరిగాను. ఇంకో నాలుగు. కొందరు తలుపు తీసి మంచినీళ్ళిచ్చి పంపించారు. కుట్టుమిషను వదిన సంతకం పెట్టింది, నా మొహం వంక మాత్రం చూడలేదు. ఇరవై ఎనిమిదికి ఐదు తక్కువ. కాగితం మడిచి బీరువాలో పెట్టాను, నీకు పంపి లాభం లేదు కాబట్టి.

పోయిన బుధవారం బోరు లారీ వచ్చింది. మొదటి గుర్తు గొడుగాయన అమ్మిన మూడెకరాల్లోనే. మిట్ట కంటే అక్కడ నీళ్ళు పైకున్నాయట. నిన్న పొద్దున్నించీ ఆ చప్పుడుకి మా ఇంటి గిన్నెలు అరల్లో వణుకుతున్నాయి. మనవాళ్ళలో కూడా ఆరుగురు దరఖాస్తులు పెట్టారు. వాళ్ళని నేనేమంటాను?

ఇవాళ నెల కార్డు రోజు. పీట తీసుకుని వెళ్ళేసరికి గొట్టం పక్కన గొడుగాయన నిలబడి ఉన్నాడు. సాయంత్రం బండికి కూతురి ఊరు వెళ్ళిపోతున్నాడు. "ఒక్కసారి నన్ను చూడనిస్తావా తల్లీ?" అన్నాడు. చూడటానికేముంటుంది బాబాయ్, చీకటి అన్నాను. "పోనీ, విననియ్యి" అన్నాడు.

తాళం తీసి టేపు ఆయన చేతిలో పెట్టాను. పీట ఎక్కటానికి నా భుజం పట్టుకున్నాడు. నా భుజం పట్టుకుంటాడని నేననుకోలేదు. టేపు వదులుతూ ఉన్నాడు. పది, పదిహేను, ఇరవై. ఎప్పుడో తగులుతుందని నిదానంగా వదులుతున్నాడు, ముప్ఫై దాకా పోవాలనుకుంటున్నాడు కాబోలు. ఇరవై మూడు దాటిందో లేదో టప్‌మంది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి ఆపేశాడు. నమ్మకం కుదరక పైకి లాగి మళ్ళీ వదిలాడు. మళ్ళీ అక్కడే టప్‌మంది.

"ఇంత దగ్గరికి వచ్చిందా" అన్నాడు.

నన్ను అడగలేదు. నన్ను తిట్టనూ లేదు. చెవి ఆ మూతికి ఆనించి మూడోసారి వదిలాడు. అటు ఆయన పొలంలో బోరు లారీ కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా వదిలాడు, వినపడేలా. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. చివరికి దిగి, టేపు తనే చుట్టి, తడిసిన బరువుని చొక్కాతో తుడిచి నా చేతిలో పెట్టి, "ఇరవై మూడూ పాయింటు రెండు. అందులోంచి నీ మీటరు తీసేసుకో అమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తీసేసే రాశాను. కార్డు కవర్లో ఉంది.

అక్క